తెర వెనక గోరంత క్లిప్పు

మా అటక మీద ఏళ్ల తరబడి దుమ్ము తింటున్న 32 అంగుళాల ఎల్‌సీడీ టీవీని మొన్న దించాను. హాల్లో పాత దుప్పటి పరిచి, స్క్రూలన్నీ ఒక స్టీలు గిన్నెలో వేసుకుంటూ ఒక్కో పొరా విప్పుకుంటూ పోయాను. ముందు గాజు ప్యానెల్, దాని వెనక పల్చటి షీట్లు మూడు, వాటి కింద వెలుగును సమంగా పరిచే పాలరంగు డిఫ్యూజర్ పలక. ఆ పలక ఎత్తగానే అసలు సరుకు బయటపడింది. తెల్లటి పళ్లెంలాంటి రేకు మీద అడ్డంగా, బారులు తీరిన 16 గాజు గొట్టాలు. ఒక్కొక్కటి 70 సెంటీమీటర్లు దాటిన పొడవు. లావు మాత్రం 4 మిల్లీమీటర్లే, పెన్సిల్లో సగం. మా అమ్మాయి తొంగి చూసి, "ఇన్ని స్ట్రాలు ఎందుకు నాన్నా లోపల?" అంది.

నా కన్ను మాత్రం గొట్టాల మీద కాదు, వాటిని పట్టుకున్న క్లిప్పు మీద పడింది. బొటనవేలి గోరంత తెల్ల ప్లాస్టిక్ ముక్క. అటొకటి ఇటొకటి, సగం మూసిన పిడికిళ్లలా రెండు కొక్కేలు. ఒక్కోదానిలో ఒక్కో గొట్టం. మధ్యలో శంకువులా పైకి లేచిన చిన్న స్తంభం. దాన్ని చూస్తే ఎవరూ గొప్ప వస్తువనుకోరు. కానీ ఆ టీవీలో అన్ని రకాల చిక్కులూ ఒక్కచోట ముడిపడింది అక్కడే.

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు లేదు. వెనకనుంచి వచ్చే వెలుగును ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపాలో చూసుకునే లక్షల కిటికీల గోడ అది. ఆ వెనక వెలుగు (బ్యాక్‌లైట్) అప్పట్లో సీసీఎఫ్‌ఎల్ అనే ఈ సన్నటి ట్యూబుల నుంచి వచ్చేది. లోపల కొంచెం పాదరసం ఆవిరి, లోపలి గోడకు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పొడి పూత. మన గోడ మీది ట్యూబులైటుకు బుల్లి తమ్ముడన్నమాట, కాకపోతే తంతిని వేడి చేసే పని లేదు. వెలిగించడానికి వెయ్యి వోల్టులు దాటాలి. వెలిగాక కొన్ని వందల వోల్టులు, కొద్ది మిల్లీ ఆంపియర్లు చాలు. అదీ సెకనుకు పదుల వేల సార్లు దిశ మార్చుకునే కరెంటు.

గోడ మీది ట్యూబులైటు సంగతి గుర్తు చేసుకోండి. పాత లావు ట్యూబు 38 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన సన్నది 26. అయినా కొత్తది పాత పట్టీలోనే కూర్చుంది. కారణం, లావు మారినా చివర ఉండే రెండు పిన్నుల మధ్య దూరం 13 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచారు. పట్టుకునే చోటు మారకపోతే పట్టుకున్నది ఎంత మారినా ఇబ్బంది లేదు. టీవీ లోపలి ట్యూబులకు అలాంటి ఒప్పందమేదీ కుదరలేదు. పిన్నే లేదు, చివర్న తీగ మాత్రమే. లావు, పొడవు, ట్యూబుకు ట్యూబుకు మధ్య ఎడం, అన్నీ మోడల్‌ను బట్టి మారిపోయేవి. సర్దుకుపోయే భారమంతా హోల్డర్ మీద, క్లిప్పు మీద పడింది.

గాజులు తొడిగే ఆమె చేసేదీ ఇదే పని, తిరగేసి. గాజు వంగదు కాబట్టి చేతినే మెత్తగా నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి ఎక్కిస్తుంది. ఇక్కడ లోపలికి వెళ్లేది గాజు, కాబట్టి వంగాల్సింది బయట ఉన్న చెయ్యి, అంటే కొక్కెం. (గాజుల సైజు 2.6 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. ట్యూబుల్లో టీ8 అంటే అంగుళంలో ఎనిమిదింట ఎనిమిది, అంటే నిండు అంగుళం. అంగుళాన్ని ముక్కలు చేసుకోవడంలో గాజులమ్మే మలారం వాళ్లకూ ట్యూబుల కంపెనీలకూ పెద్ద తేడా లేదు.)

ఆ చెయ్యి ఎంత వంగగలదో కాగితం మీదే తేల్చుకోవచ్చు. కొక్కెం మందాన్ని అది పక్కకు జరగాల్సిన దూరంతో గుణించి, దానికి ఒకటిన్నర రెట్లు కట్టి, వచ్చినదాన్ని కొక్కెం పొడవుతో ఒకసారి, మళ్లీ ఇంకోసారి భాగిస్తే, ప్లాస్టిక్ ఎంత సాగుతుందో వస్తుంది. మందం 1 మిల్లీమీటరు, జరగాల్సింది 0.4, పొడవు 5 అనుకుందాం. సాగు 2.4 శాతం. ఇలాంటి క్లిప్పులకు వాడే పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ ఒక్కసారికైతే 4 శాతం దాకా ఓర్చుకుంటుంది. పదే పదే తీసి పెట్టేదైతే అందులో 60 శాతం దగ్గర ఆగాలంటారు, అంటే సరిగ్గా 2.4. కత్తి అంచు మీద ఉన్నాం. రేపు కాస్త లావు ట్యూబు వచ్చి 0.6 జరగాల్సి వస్తే సాగు 3.6కి పోతుంది, రిపేరు కోసం రెండుసార్లు తీసేసరికి కొక్కెం మొదట్లో తెల్లటి గీత పడుతుంది. అదే కొక్కేన్ని 8 మిల్లీమీటర్లు చేస్తే, లావు ట్యూబుతో కూడా సాగు ఒకటిన్నర శాతం దాటదు. మూడు మిల్లీమీటర్ల పొడవు కలిపితే ఒక్క క్లిప్పే రెండు రకాల ట్యూబులకు సరిపోయింది.

మరి అందరూ పొడుగు కొక్కేలే పెట్టేయొచ్చుగా? పెడితే తెర మీద మచ్చ కనిపిస్తుంది. వెలుగుకు అడ్డంగా ఏది నిలిచినా డిఫ్యూజర్ మీద దాని నీడ పడుతుంది. అందుకే క్లిప్పును రేకు మీది షీటుకు దీటైన తెలుపులో పోస్తారు, పడిన వెలుగును మింగకుండా తిప్పి కొట్టాలని. అన్నీ ఒకే గీత మీద పెట్టరు, తారుమారుగా పెడతారు. వరసగా ఉన్న నీడను కన్ను ఇట్టే పసిగడుతుంది, చెల్లాచెదురుగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. మధ్యలోని ఆ శంకువు పని వేరు. పెద్ద డిఫ్యూజర్ పలక నడుమ కుంగకుండా కింద నుంచి మోస్తుంది. మొన సన్నగా ఉండేది కూడా నీడ భయంతోనే.

కరెంటు గొడవ ఇంకోటి. అంత వోల్టేజీ, అంత వేగంగా దిశ మార్చుకునే కరెంటు, కింద ఇనుప రేకు. ట్యూబుకూ రేకుకూ మధ్య తీగ లేకపోయినా కొంత కరెంటు గాలిలోంచే కారిపోతుంది, రెండూ కలిసి ఒక కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ట్యూబు రేకుకు ఎంత దగ్గరైతే అంత కారుతుంది. ఒక చివర నుంచే వోల్టేజీ ఇస్తే అటు కొస కళకళలాడుతూ, ఇటు కొస నీరసంగా వెలుగుతుంది. అందుకని క్లిప్పు ట్యూబును పట్టుకోవడమే కాదు, రేకుకు ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తులో నిలబెట్టాలి. చివర్లలో సిలికోన్ రబ్బరు తొడుగులు వేసేది కూడా ఇందుకే. వేడికి ఓర్చుకుంటుంది, వోల్టేజీని ఆపుతుంది, మెత్తగా కూడా ఉంటుంది. నా టీవీలో రెండు తొడుగులు గోధుమ రంగుకు తిరిగాయి. సోల్డరు పెట్టిన చోటు వేడెక్కి ఉంటుంది.

పాదరసానికి ఒక అలవాటుంది. ట్యూబులో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు చూసుకుని అక్కడ చేరుతుంది. లోపల ఆవిరి ఎంత ఉండాలో ఆ చోటే తేలుస్తుంది, వెలుగు ఆ ఆవిరిని బట్టి ఉంటుంది. క్లిప్పు గట్టిగా, వెడల్పుగా పట్టేసిందనుకోండి, ఆ చోట వేడిని లాగేసి ట్యూబును చల్లబరుస్తుంది. తక్కువ తాకాలి, కానీ పడనివ్వకూడదు. నిండు బిందెను నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నడిచే ఆడవాళ్లకు తెలిసిన విద్య ఇది.

ఇక వేడికి సాగడం. టీవీ వేయగానే లోపల 40 డిగ్రీలు పెరిగిందనుకుందాం. 70 సెంటీమీటర్ల ట్యూబు గాజు (బోరోసిలికేట్) మిల్లీమీటరులో పదో వంతు సాగుతుంది. అదే పొడవు ఇనుప రేకు దానికి మూడింతలు. అల్యూమినియం ఆరింతలు. ఏక్రిలిక్ ప్లాస్టిక్ పలకైతే దాదాపు 2 మిల్లీమీటర్లు. ట్యూబు రెండు చివరలనూ రేకుకు గట్టిగా బిగిస్తే, రేకు సాగినప్పుడల్లా గాజును లాగుతుంది. నొక్కితే గాజు ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే ఊరుకోదు. అందుకే మధ్య క్లిప్పుల్లో ట్యూబుకు వెంట్రుకవాసి ఎడం వదులుతారు. అది పొడవునా ముందుకూ వెనక్కూ జారగలదు, పైకి లేవలేదు. రాత్రి టీవీ ఆపేశాక కాసేపటికి గోడ వైపు నుంచి 'టక్' మని శబ్దం రావడం మీరూ వినే ఉంటారు. చల్లారుతున్న భాగాలు ఒకదాని మీద ఒకటి జారుతూ సర్దుకునే చప్పుడది. భయపడాల్సిందేమీ లేదు.

మధ్యలో అసలు క్లిప్పు ఎందుకంటే లారీ ప్రయాణం కోసం. రెండు చివర్ల మీదే ఆనిన సన్నటి గొట్టం గతుకుల రోడ్డు మీద వీణ తీగలా ఊగుతుంది. సరిగ్గా నడిమధ్య ఒక్క ఆసరా ఇస్తే దాని సహజ కంపన వేగం నాలుగింతలు అవుతుంది, లారీ ఊపుకు అందకుండా పోతుంది. ఒక్క క్లిప్పుకు అంత ఫలితం!

డిజైన్ చేసేవాళ్లకు అసలు తలనొప్పి ఇంజనీరింగ్ లెక్క కాదు, అచ్చు ఖర్చు. ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు ఒక్కటి చేయించాలంటే లక్షల్లో మాట. 32 అంగుళాల తెర ఎత్తు 40 సెంటీమీటర్లు, 16 ట్యూబులు వేస్తే రెండున్నర సెంటీమీటర్లకొకటి. 42 అంగుళాలకు వెళ్తే ఆ ఎడం మారుతుంది. నా టీవీలోలా రెండు ట్యూబుల క్లిప్పు చేస్తే ఎడం అచ్చులోనే గడ్డకట్టేస్తుంది. ఒక్కో ట్యూబుకు ఒక్కో క్లిప్పు చేస్తే ఏ తెరకైనా వాడొచ్చు, కానీ లైన్‌లో బిగించే చేతులకు పని రెట్టింపు. నన్నడిగితే ఒంటి క్లిప్పే మేలు. మారేదాన్నంతా రేకు మీదికి నెట్టేయాలి. రేకులో చిల్లు పక్కకు జరపడం చవక, ఉక్కు అచ్చు మార్చడం కాదు.

ఇదంతా చరిత్రలో కలిసిపోయింది. 2004లో సోనీ క్వాలియా 005 ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్‌తో వచ్చింది, మరో పదేళ్లకు ట్యూబు టీవీలు దుకాణాల్లో కనబడడం మానేశాయి. పాదరసం బెడద కూడా తోడైంది. ఈ పొడవు ట్యూబులో 5 మిల్లీగ్రాములకు మించకూడదని యూరప్ గీత గీసింది. కానీ సాగడం, జారడం అనే గొడవ ఎల్‌ఈడీతో పోలేదు. కొత్త టీవీల్లో అల్యూమినియం స్ట్రిప్పు మీద ఎల్‌ఈడీలు, వెనక ఇనుప రేకు. మంచి డిజైన్‌లో స్ట్రిప్పుకు ఒక వైపు గుండ్రటి చిల్లు, రెండో వైపు కోడిగుడ్డులా సాగిన చిల్లు ఉంటాయి. మొదటిది చోటును ఖాయం చేస్తుంది, రెండోది సాగడానికి దారి వదులుతుంది. అంచు నుంచి వెలుగు నింపే సన్న టీవీల్లో ఇది ఇంకా చికాకు. వెలుగును తెరంతా పంచే ఏక్రిలిక్ పలక 2 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎల్‌ఈడీలకు మరీ దగ్గరగా ఉంటే వాటిని నలిపేస్తుంది, మరీ దూరంగా ఉంటే వెలుగు దారి తప్పుతుంది.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో స్ట్రిప్పులు అమ్మే ఒకాయన దగ్గరికి వెళ్లాను. బొమ్మ రాకుండా మాట మాత్రమే వినిపిస్తుంటే ఆయన ముందు చేసేది తెర మీదికి టార్చి వేసి చూడడం. నీడలా బొమ్మ కదిలితే ప్యానెల్ బాగానే ఉంది, పోయింది బ్యాక్‌లైట్. అప్పుడు నా ముందు ఒక యూనివర్సల్ స్ట్రిప్పు కొలిచి, గీత దగ్గర కత్తిరించి బిగిస్తున్నాడు. ఒక చివర స్క్రూ బిగించి, రెండోది సగమే తిప్పి వదిలేశాడు. "అన్నా, అది బిగించరా?" అంటే, "రెండు దిక్కుల గట్టిగ బిగిస్తే ఆర్నెల్లకు మళ్ల నా తానికే వస్తది సార్, సోల్డరింగ్ పగుల్తది" అన్నాడు.

అటక మీది టీవీ సంగతి చెప్పాను. ట్యూబులు పగలకుండా అట్టపెట్టెలో పెట్టమన్నాడు. క్లిప్పుల గురించి అడిగితే చేతిలో పని ఆపి తలెత్తాడు. "వాటిని పారెయ్యకున్రి. డిఫ్యూజర్ కింద పెట్టే ఆ కోన్లు ఇరిగితే కొత్త టీవీలకు గూడ దొరుకుతలేవు. ఎత్తు సరిపోతే నేనే తీస్కుంట."

ఎనిమిది క్లిప్పులూ స్టీలు గిన్నెలో స్క్రూలతో పాటే ఉన్నాయి. రేపు స్కేలు పెట్టి ఎత్తు కొలవాలి.