బొగ్గుముక్క ఎందుకు మునిగింది?

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. దాని మడతల్లో నల్లటి వేలిముద్రలు కూడా భద్రంగా అందాయి. గ్లాసు నీళ్లలో వేసిన బొగ్గుముక్క వారం రోజులు తేలి, ఎనిమిదో రోజు పొద్దుటికల్లా అడుగున కనిపించిందనీ, దాన్ని మీలో ఎవరూ ముట్టుకోలేదనీ ఒట్టు పెట్టి మరీ రాశారు. ఒట్టు అక్కరలేదు, నమ్ముతున్నాను. కానీ జవాబు బొగ్గుతో మొదలుపెడితే సగం కథే తెలుస్తుంది. అది బొగ్గు కాకముందు కట్టె, కట్టె కాకముందు మాను. అక్కడి నుంచి రావాలి.

ముందు ఒక లెక్క చూడండి. బాల్సా అనే కొయ్య ఘన మీటరుకు దాదాపు 150 కిలోలు తూగుతుంది. టేకు 650 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. లిగ్నమ్ వైటే అనే కొయ్య 1,200 దాటుతుంది. నీరు 1,000 కాబట్టి ఈ కొయ్యను చెరువులో వేస్తే రాయిలా బుడుంగుమంటుంది. ఇంత తేడా ఉంటే మూడూ వేర్వేరు సరుకులని ఎవరైనా అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తీరా చూస్తే, ఏ చెట్టుదైనా కొయ్యలోని కణాల గోడలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఘన మీటరు దాదాపు 1,500 కిలోలే. అంటే ఏ కొయ్యకైనా అసలు పదార్థం నీళ్లలో మునిగేదే! తేలుతున్నది కొయ్య కాదు, దానిలో చిక్కుకున్న గాలి. బాల్సాలో పదింట తొమ్మిది వంతులు ఖాళీ. లిగ్నమ్ వైటేలో అయిదో వంతు కూడా ఉండదు. ఈ ఉత్తరమంతా ఆ ఖాళీ గురించే.

ఆ ఖాళీని చెట్టు ఊరికే పెట్టుకోలేదు. వేళ్లు పీల్చిన నీళ్లు చిటారుకొమ్మ దాకా ఎక్కాలంటే దారి కావాలి. అందుకే కొయ్య నిండా సన్నని గొట్టాలు, నిలువునా పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. వాటి గోడల్లో సెల్యులోజ్ పోగులుంటాయి, లిగ్నిన్ అనే పదార్థం ఆ పోగులను బిగించి పట్టుకుంటుంది. చెట్టు వయసు పెరిగేకొద్దీ నడిమి గొట్టాలు నీళ్లు మోయడం మానేస్తాయి. అక్కడ రంగు పదార్థాలూ రెసిన్లూ చేరి కొయ్య ముదురుతుంది. అదే చేవ. మనిషికి చేవ ఉందో లేదో అనే మాట ఇక్కడి నుంచి వచ్చిందే. తమాషా ఏమిటంటే, చేవలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు.

గొట్టాలున్నాయన్న మాట నమ్మకపోతే ఒక జానెడు బెత్తం ముక్క సంపాదించండి. రెండు కొసలూ శుభ్రంగా కోసి, ఒక కొసను సబ్బునీళ్లలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదండి. బుడగలు లేస్తాయి. పీల్చకండి, ఊదమన్నాను.

గొట్టాలన్నీ ఒకే దిక్కున ఉండటం వల్ల కొయ్యకు నిలువు గుణం ఒకటి, అడ్డ గుణం ఇంకొకటి. గొడ్డలి దెబ్బ నిలువుగా పడితే కట్టె రెండుగా విచ్చుకుంటుంది. అడ్డంగా పడితే గొడ్డలే ఇరుక్కుంటుంది. నిలువు దిశలో లాగి చూస్తే, బరువుకు బరువు లెక్కన, మంచి కొయ్య మామూలు ఉక్కునే మించిపోతుంది. అడ్డంగా లాగితే ఆ బింకమంతా పోతుంది. ప్లైవుడ్ చేసేవాళ్లు పలచటి పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా కాకుండా, ఒకటి నిలువు, ఒకటి అడ్డం వచ్చేలా అతికించేది ఈ లోపాన్ని సరిచేయడానికే.

చలికాలం పొద్దున ఇనుప కడ్డీ పట్టుకుంటే చురుక్కుమంటుంది, పక్కనే ఉన్న కర్ర మాత్రం చల్లగా అనిపించదు. రెండింటి వేడీ ఒకటే, థర్మామీటరు పెట్టి చూడండి. మామూలు ఉక్కు కొయ్య కన్నా మూడు వందల రెట్లకు పైగా సులువుగా వేడిని దాటిస్తుంది, అందుకే మీ అరచేతి వెచ్చదనాన్ని గబగబా లాగేసుకుంటుంది. గాలి నిండిన గొట్టాల గుండా వేడి త్వరగా పోలేదు. గరిటెకు కొయ్య పిడి పెట్టేది ఇందుకే.

ఇక నీటి సంగతి. ఇది నాకు అనుభవం మీద తెలిసిన పాఠం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. అప్పుడే నరికిన చెట్టులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని గొట్టాల బోలులో, కొన్ని గొట్టాల గోడల్లో. ఆరబెట్టినప్పుడు ముందు బోలులోని నీళ్లు పోతాయి. అప్పుడు బరువు తగ్గుతుందే గానీ కొయ్య కొలత మారదు. పొడి కొయ్య బరువులో తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీళ్లు వదలడం మొదలవుతుంది. అక్కడి నుంచి కొయ్య కుంచించుకుపోతుంది. పొడవులో తగ్గేది నామమాత్రం. నడిమి నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. వలయాల వెంట, అంటే మాను చుట్టూ, దానికి దాదాపు రెండింతలు తగ్గుతుంది. చుట్టుకొలత అంతగా తగ్గుతుంటే లోపలి భాగం అంత తగ్గనంటుంది. దుంగ ఏం చేయగలదు? బయటి నుంచి నడిమి దాకా నెర్రె విడుస్తుంది. ఎండిన దుంగ కొసన చక్రపు ఆకుల్లా కనిపించే పగుళ్లు అవే.

ఆరిన కొయ్యకూ విశ్రాంతి ఉండదు. గాలిలో తేమ పెరిగితే పీలుస్తుంది, తగ్గితే వదులుతుంది. ఇది తెలిసి కూడా నేను మండుటెండల్లో నా బల్లకు ఒక సొరుగు చేశాను. చిత్రిక పట్టి, పట్టి, వెంట్రుక కూడా దూరనంత సరిగ్గా అమర్చాను. చూసినవాళ్లందరికీ తెరిచి మూసి చూపించాను. వానలు పడిన పదిహేను రోజులకు అది బిగుసుకుపోయింది. ఇరవై సెంటీమీటర్ల పలక అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్లు ఉబ్బడం పెద్ద విషయం కాదు, ఆ సందు వదలాల్సింది నేనే. నా కొత్త కళ్లద్దాలు ప్రస్తుతం అందులోనే ఉన్నాయి. ఈ ఉత్తరం పాత అద్దాలతో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

ఇప్పుడు నిప్పు పెడదాం. కట్టె మండుతుందని అందరం అంటాం గానీ, మంట దగ్గరగా గమనిస్తే అది కట్టెను అంటుకుని ఉండదు, కాస్త పైన ఆడుతుంటుంది. మొదట సెగ తగిలి తడి పోతుంది. పచ్చికట్టె చుయ్యిమంటూ పొగలు కక్కేది ఆ దశలో. నిప్పు వేడిలో చాలా భాగం నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. వేడి 200 డిగ్రీలు దాటాక కొయ్య పదార్థమే విరిగిపోవడం మొదలై వాయువులు బయటికి వస్తాయి. మంటగా కనిపించేది ఆ వాయువులు గాలితో కలిసి కాలడమే. అవన్నీ పోయాక మిగిలింది నిప్పుకణిక. దానికి మంట ఉండదు, ఎర్రగా కణకణలాడుతుంది. ఒక్కోసారి పైన నీలి మంట లీలగా కదులుతుంది, అది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు కాలడం. చివరికి మిగిలే బూడిద చెట్టు నేల నుంచి తెచ్చుకున్న కాల్షియం, పొటాషియం వంటి ఖనిజాలది. ఆ బూడిదే పలచగా కణికను కప్పితే నివురు.

ఈ క్రమాన్ని మధ్యలో ఆపేస్తే బొగ్గు. కట్టెలు పేర్చి, మట్టితో కప్పి, గాలి చాలీచాలకుండా కాల్చితే వాయువులూ తారూ పోతాయి, కార్బన్‌కు మాత్రం కాలిపోవడానికి ఆక్సిజన్ అందదు. గనుల్లో తవ్వేది ఇది కాదు సుమా. అది కోట్ల ఏళ్లు నేల పొరల కింద నలిగిన మొక్కల నుంచి వచ్చింది. పుస్తకాల్లో నేలబొగ్గు అని మర్యాదగా రాస్తారు గానీ, రాక్షసి బొగ్గు అన్న పాత పేరే నాకు ఇష్టం.

కట్టెను బొగ్గు చేయడం వేడి లెక్కలో నష్టపు బేరమే. గాలికి ఆరిన కట్టె కిలోకు సుమారు 15 మెగాజౌళ్ల వేడినిస్తే, బొగ్గు 30 ఇస్తుంది. రెట్టింపు కదా అని సంబరపడకండి. మట్టి బట్టీలో 100 కిలోల కట్టె వేస్తే 20 కిలోల బొగ్గు రావడం గొప్ప. 1,500 మెగాజౌళ్లు పెట్టి 600 తెచ్చుకున్నాం, మిగతాది పొగలో పోయింది. అయినా మనుషులు వేల ఏళ్లుగా ఈ పని ఎందుకు చేశారంటే, బొగ్గు తేలిక, పొగ తక్కువ, తిత్తితో గాలి కొడితే ఇనుమును మెత్తబరిచేంత వేడినిస్తుంది. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో పెనవేసుకుని ఉంటుంది. బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుని ఇనుమును విడిపిస్తుంది. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ అనే ఇనుప కొలిమి యజమాని 1709లో రాక్షసి బొగ్గు నుంచి చేసిన కోక్‌తో ఇనుము తీశాక గానీ అక్కడి కొలిములు మెల్లమెల్లగా కట్టెబొగ్గును వదలలేదు.

ఇంతకీ మీ గ్లాసు. కట్టె బొగ్గు అయినప్పుడు బరువు అయిదింట నాలుగు వంతులు పోయినా, ముక్క కొలత అంతగా తగ్గదు. గొట్టాలు ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి, గోడలు మాత్రం పలచబడి కార్బన్‌గా మారతాయి. అంటే బొగ్గు కట్టె కన్నా బోలు. అందుకే తేలింది. కానీ ఆ గోడల కార్బన్ నీటి కన్నా బరువైనదే. రోజులు గడిచేకొద్దీ నీళ్లు సన్నని గొట్టాల్లోకి దూరి గాలిని వెళ్లగొట్టాయి. నీళ్లు చేరినంత మేర బరువు పెరిగింది, ఎనిమిదో రోజుకు త్రాసు అటు మొగ్గింది. నదిలో ఏళ్ల తరబడి నానిన దుంగలు అడుగుకు చేరేదీ ఇలాగే.

ఆ గొట్టాల గోడల్లో కంటికి ఆనని బెజ్జాలు ఇంకా కోట్లున్నాయి. ఆవిరి పంపి 800 డిగ్రీల పైన మళ్లీ కాల్చితే అవి ఇంకా తెరుచుకుంటాయి. దాన్ని ఉత్తేజిత బొగ్గు అంటారు. ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉండవచ్చు. ఎనిమిది గ్రాములు ఉంటే ఫుట్‌బాల్ మైదానం పరిచినట్టే. నీటిలోని రంగూ వాసనా ఆ గోడలకు అతుక్కుంటాయి. దీనికి అధిశోషణం అని పేరు. స్పాంజి నీళ్లను లోపలికి పీల్చుకున్నట్టు కాదు, గోడకు దుమ్ము అంటుకున్నట్టు. 1785లో టోబియాస్ లోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త, బొగ్గు ద్రావణాల రంగు విరిచేస్తుందని గమనించాడు. అయితే ఉప్పునీటిని ఇది మంచినీరు చేయలేదు. పొయ్యిలో బొగ్గు దంచి నీళ్లలో వేసుకుని తాగే ప్రయోగం కూడా వద్దు.

ఇంకొక విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకూడదు, ఎంత చలిగా ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ లేదు కదా అన్న ధీమాతోనే జనం నిద్రలో పోయారు.

బొగ్గు కుళ్లదు, పురుగులకూ బూజుకూ అందులో తిండి లేదు. ఫ్రాన్సులో 1994లో బయటపడిన షోవే గుహ గోడల మీద 30,000 ఏళ్లకు పైబడిన బొగ్గు బొమ్మలున్నాయి. అక్కడి బొగ్గు పైన్ చెట్టుదని సూక్ష్మదర్శిని కింద గొట్టాల వరుస చూసి చెప్పారు. చెట్టు పోయింది, అడవి పోయింది, నీళ్లెక్కిన దారి మాత్రం ఉంది.

మీ గోడ మీది గుర్రం బొమ్మ విషయం మీ అమ్మ విడిగా రాసింది. దాని సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

నాకు ఒక పని చేసి పెట్టండి. అదే కట్టె నుంచి వచ్చిన ఇంకో ముక్క తీసుకుని, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, నీళ్లలో కాసేపు మరిగించి చల్లారనివ్వండి. వేడికి గాలి సాగి బయటికి పోతుంది, చల్లారేటప్పుడు ఆ చోటికి నీళ్లు వెళతాయి. వారం పట్టిన పని ఎన్ని నిమిషాల్లో అయిందో గడియారం చూసి రాయండి. మీ జవాబు వచ్చేలోగా నాలుగు ఎండలు కాస్తే, కొత్త కళ్లద్దాలతో చదువుతాను.

మీ తాతయ్య