క్రియ వచ్చేదాకా ఆగే లెక్క

‘డబ్బాలో ఉన్న బియ్యం...’ అని అమ్మ మొదలుపెట్టగానే మనం లేచి పరిగెత్తం. కడిగి పెట్టమంటుందో, పక్కింట్లో ఇచ్చి రమ్మంటుందో క్రియ వచ్చేదాకా తెలియదు. తెలుగు వినేవాళ్లకు ఈ ఆగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇదే ఓపిక ప్రోగ్రామ్‌కు నేర్పితే మాత్రికల (అడ్డువరుసలు, నిలువువరుసల్లో పేర్చిన అంకెల పట్టికల) లెక్కలు బాగా వేగం అందుకుంటాయి.

మ అనే మాత్రికను వ అనే సదిశతో (ఒకే వరుసలో ఉన్న అంకెలతో) గుణించి, ద అనే ఇంకో సదిశను కలపాలనుకుందాం: ఫ = మ * వ + ద. మామూలు ప్రోగ్రామ్ గుణకారం గుర్తు చూడగానే గుణించేస్తుంది. ఆ జవాబు దాచడానికి మెమరీలో కొత్త చోటు తీసుకుంటుంది. కూడికకు మళ్లీ ఇంకో చోటు. అదే మనం చేత్తో చేస్తే, ఒక్కో అడ్డువరుసను గుణిస్తూ అక్కడికక్కడే ద లోని అంకెను కలిపి ఫ లో వేసేస్తాం. చిత్తుకాగితంతో పనే ఉండదు.

ఆ చిత్తుకాగితం చవకేం కాదు. 1000 అడ్డువరుసలు, 1000 నిలువువరుసలు ఉన్న మాత్రికలో 10 లక్షల అంకెలు. ఒక్కోటి 8 బైట్లు, మొత్తం 80 లక్షల బైట్లు. అలాంటి నాలుగు మాత్రికలను ఒకదాని తర్వాత ఒకటి కలుపుతూ పోతే, మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య అంత సరుకు 9 సార్లు కదలాలి. నాలుగింటినీ ఒకే చుట్టులో కలిపేస్తే 5 సార్లు చాలు. కూడడం ప్రాసెసర్‌కు చిటికెలో పని. టైమంతా ఈ మోతకే పోతుంది.

సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త బ్యార్నే స్ట్రౌస్ట్రప్ తన పాఠ్యపుస్తకంలో దీనికి చూపిన దారి నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. అందులో గుణకారం గుర్తు అసలు గుణించదు. ‘మ, వ లను గుణించాలి’ అని ఒక చీటీ రాసిస్తుంది, అంతే. చీటీలో ఉండేవి ఆ రెండూ మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలే. 64 బిట్ల మెషీన్ మీద 16 బైట్లు.

ఇక్కడే రెండు సదుపాయాలు చేయి కలుపుతాయి. మొదటిది ఫంక్షన్ ఓవర్‌లోడింగ్. ‘హరి’ అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం అని నానార్థాలు చదువుకున్నాం కదా, కూడిక గుర్తుకూ అలాగే పక్కనున్నవాటిని బట్టి అర్థాలు ఇవ్వొచ్చు. ‘చీటీ + సదిశ’ అని కనిపిస్తే మూడు చిరునామాలున్న ఇంకో చీటీ తయారవుతుంది. అది ఫ దగ్గరికి చేరాక పనంతా ఒకే చుట్టులో జరిగిపోతుంది. రెండోది టైప్ కన్వర్షన్, అంటే ఒక రకం విలువను ఇంకో రకంగా మార్చడం. కూడికేమీ లేకుండా ఫ = మ * వ అని మాత్రమే ఉంటే, చీటీ తనంతట తానే సదిశగా మారుతుంది. గుణకారం ఆ మార్పిడిలో జరుగుతుంది.

ఆ గుర్తుకు సరిగ్గా సరిపోయే ఫంక్షన్ (మనం రాసిపెట్టిన అర్థం) ఉంటే, ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ దాన్నే ఎంచుకుంటుంది. లేకపోతేనే మనం రాసిన మార్పిడి వైపు చూస్తుంది. అందుకే మనం ముందే ఊహించి రాసిపెట్టిన కలయికలు వేగంగా నడుస్తాయి. ఊహించనివి కొంచెం నెమ్మదిగా నడిచినా జవాబు తప్పు రాదు. అయితే ప్రతి కలయికనూ చేత్తో రాయడం ఎవరి వల్లా కాదు. 1995లో టాడ్ వెల్డ్‌హైజెన్ వివరించిన ఎక్స్‌ప్రెషన్ టెంప్లేట్స్ పద్ధతిలో ఆ చీటీలను కంపైలరే పుట్టిస్తుంది.

జాగ్రత్త పడాల్సింది మాత్రం ఒకచోట ఉంది. వ = మ * వ అని రాశామనుకోండి. మ లో మొదటి వరుస 0, 1. రెండో వరుస 1, 0. వ లో 3, 5 ఉన్నాయి. జవాబు 5, 3 రావాలి. చిత్తుకాగితం లేకుండా నేరుగా రాస్తే ముందు మొదటి గడిలో 5 పడుతుంది. రెండో గడికి కావాల్సింది మొదటి గడిలోని పాత 3, కానీ అది అప్పటికే చెరిగిపోయింది. 5, 5 వస్తుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

ఇప్పుడు చాలామంది వాడే ఐగెన్ లైబ్రరీ (మాత్రికల లెక్కలకు సి ప్లస్ ప్లస్‌లో ముందే రాసిపెట్టిన కోడ్) ఈ ప్రమాదాన్ని గుర్తుపెట్టుకుని, మాత్రికల గుణకారం దగ్గర మాత్రం మామూలుగా చిత్తుకాగితమే వాడుతుంది. సమానం గుర్తుకు రెండు పక్కలా ఒకే సదిశ లేదని ‘నోఏలియాస్’ అంటూ మనం మాటిస్తేనే నేరుగా రాస్తుంది.