చిన్నతాతయ్య బూటు కోసి చూశాను

ప్రియమైన పిల్లలకు,

వేసవి సెలవుల్లో మీరు అటక మీద నుంచి దించిన నల్ల బూట్ల జత గుర్తుంది కదా. లోపల ఏముందో కోసి చూద్దామని మూడు రోజులు నా వెంట పడ్డారు. నేను ఒప్పుకోలేదు. అవి మీ చిన్నతాతయ్యవి. 1979లో నా చేతులతో కుట్టి ఇచ్చాను. విజయవాడలో రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా, ఇనుప రజను, మడ్డినూనె, నిప్పురవ్వల మధ్య నిలబడి 19 ఏళ్లు వాటిని తొడిగాడు. ఆ 19 ఏళ్లలో నాలుగుసార్లు కింది అడుగు మార్చి ఇచ్చాను. వాడు పోయిన తర్వాత మీ చిన్ననానమ్మ ఆ జతను పాత పంచెలో చుట్టి నా దగ్గరికే తెచ్చింది. అలాంటి వాటి మీద రంపం పెట్టడానికి చేయి రాలేదు.

మీరు వెళ్లిపోయాక చాలా ఆలోచించాను. వాడే ఉంటే, "పిల్లలు అడిగితే దాచుకుంటావేమిటి అన్నయ్యా" అనేవాడు. పోయిన ఆదివారం ఎడమ బూటును ముక్కు నుంచి మడమ దాకా నిలువునా రెండు సగాలుగా కోశాను. బొటనవేలి వైపు సగం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాన్ని ముందు పెట్టుకుని చదవండి.

ముందుగా పైతోలు కోసిన అంచు చూడండి. పైన నలుపు, కింద నలుపు, మధ్యలో బూడిద కలిసిన లేత నీలం గీత కనిపిస్తుంది. ఇప్పుడు పాదం ఆనే లోపలి అడుగు అంచు చూడండి. అది పై నుంచి కింది దాకా ఒకే గోధుమరంగు. రెండూ పశువు తోళ్లే. వాటిని పదును చేసిన, అంటే కుళ్లకుండా నిలిచేలా మార్చిన, పద్ధతులు మాత్రం వేరు.

పచ్చి తోలును అలాగే వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లుతుంది. ఎండబెడితే రేకులా బిగుసుకుపోతుంది. 60 డిగ్రీలు దాటిన వేడి నీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది. తోలులో కొల్లాజెన్ అనే పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఆ పోగుల మధ్యకు ఏదైనా చొరబడి వాటిని గట్టిగా కట్టి ఉంచితేనే అది కుళ్లకుండా, బిగుసుకోకుండా నిలుస్తుంది. నీలం గీత క్రోమియం లవణం పని. పెద్ద పీపాల్లో వేసి తిప్పితే ఒకటి రెండు రోజుల్లో అది తోలంతా పట్టేస్తుంది. అలా పదునైన తోలు మరిగే నీళ్లకు కూడా చలించదు. నేను కుర్రవాడిగా మద్రాసు వెళ్లి మొదట పనిలో చేరింది క్రోంపేటలో. అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చింది.

గోధుమరంగు తోలు కథ మాత్రం మన ఇంటి కథ. మనం మాదిగలం. మా తాత ఊరి చివర లందలో, అంటే తోళ్లు నానబెట్టే గుంటలో, తోళ్లు వేసేవాడు. ముందు సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీసేవాడు. రంపె అనే తోలు కత్తితో లోపలి కండ గీకేవాడు. సున్నం పోయేదాకా కడిగి, దంచిన తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్లలో ఊరవేసేవాడు. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చ తంగేడు పువ్వు మీకు తెలుసు. ఆ చెట్టు బెరడులోనే తోలును కట్టి ఉంచే వగరు ఉంది. పచ్చి కరక్కాయ కొరికితే నాలుక బిగుసుకుపోతుంది చూడండి, తోలులో జరిగేదీ అలాంటిదే. ఆఖరున తోలును సంచిలా కుట్టి, దూలానికి వేలాడదీసి, అందులో తంగేడు నీళ్లు పోసేవాడు. ఆ నీళ్లు తోలు గుండా చెమటలా ఊరి కింది కుండలోకి కారేవి. వాటిని మళ్లీ పైన పోసేవాడు. ఇలా వారాలు పట్టేది. చివర కానుగ నూనె రాసి నీడన ఆరబెట్టేవాడు. మోట బొక్కెనలు, వాటి తొండాలు, ఎడ్ల వార్లు, చెర్నాకోలలు, నాగలి పట్టేవాళ్ల చెప్పులు, అన్నీ ఆ తోలుతోనే. ప్రతిఫలంగా కళ్లంలో మేర, అంటే మా వాటా ధాన్యం, కొలిచేవారు.

తంగేడుతో పదును చేసిన మద్రాసు తోళ్లు 'ఈస్ట్ ఇండియా కిప్స్' అనే పేరుతో ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లేవి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు సైనికుల బూట్ల పైతోలు కోసం ప్రభుత్వం ఆ తోళ్లను తన అదుపులోకి తీసుకుంది. ఐరోపా బురదలో నిలబడ్డ సైనికుడి పాదానికీ, మన గుట్టల మీద పూసే తంగేడుకూ అంత దగ్గరి సంబంధం ఉంది. ఈ సంగతి నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. బళ్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. నేను చదివిన బళ్లో నా చొక్కాకు తంగేడు నీళ్ల వాసన వస్తోందని నన్ను విడిగా కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులన్నీ మా తాత చేతివే. ఆ రోజు ఎందుకు ఏడ్చానో మా అమ్మకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. మన తెనాలి పక్కనే ఉన్న యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు దానికి చాలాకాలం డైరెక్టరుగా ఉన్నారు. ఊరు ముక్కు మూసుకునే పనిని ఆయన రసాయన శాస్త్రంగా చదివారు, ప్రపంచానికి బోధించారు. 1985లో కనిష్క విమానం పేలుడులో ఆయన పోయారన్న వార్త విన్న రోజు మా వర్క్‌షాపులో ఎవరూ తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె ముట్టలేదు.

ఇక బూటు దగ్గరికి వద్దాం. క్రోంపేట నుంచి నేను మద్రాసులోనే పెరియమేడులో చేత్తో బూట్లు కుట్టే ఒక మేస్త్రి దగ్గరికి చేరాను. ఆయన మొదటి ఆరు నెలలు నాకు కత్తి ఇవ్వలేదు. రోజూ ఒక తోలు పరిచి, చేత్తో లాగి చూడమనేవాడు. పశువు వెన్నుకు ఇరువైపులా తోలు బిగువుగా, ఒత్తుగా ఉంటుంది. పొట్ట వైపుకు వెళ్లేకొద్దీ వదులై సాగుతుంది. మెడ దగ్గర ముడతలు ఉంటాయి. పాదం మీద కప్పే ముక్కను వెన్ను పక్క నుంచే కోయాలి, అదీ మడమ నుంచి వేళ్ల వైపుకు సాగని దిశలో. నాలుకలాంటి చిన్న ముక్కలకు మాత్రమే పొట్ట వైపు వెళ్లాలి. కుడి బూటు ముక్కనూ ఎడమ బూటు ముక్కనూ ఒకే తోలులో జంట చోట్ల నుంచి తీయాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి ఒకటి వదులై మరొకటి బిగువుగా మిగులుతుంది. ఇవి ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు, వేళ్లతో నేర్చుకున్నాను.

కోసిన ముక్కలను కలిపి కుట్టాక, పాదం ఆకారంలో చెక్కిన చెక్క అచ్చు మీదికి తోలును లాగి బిగించాలి. దాన్ని మేం లాస్టు అంటాం. పట్టకారుతో లాగి, మేకు కొట్టి, పక్కన మళ్లీ లాగి, మళ్లీ మేకు. ముక్కు దగ్గర తోలు చీర కుచ్చిళ్లలా మడతలు పడుతుంది. ఆ మడతలు పైకి కనిపించకుండా అణిచేయడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ఈ పనిని యంత్రం చేయలేదని అమెరికాలో కూడా చాలాకాలం నమ్మారు. జాన్ ఎర్నెస్ట్ మాట్జెలిగర్ అనే యువకుడు నమ్మలేదు. 1852లో సురినామ్‌లో పుట్టాడు. ఆయన తల్లి నల్లజాతి స్త్రీ. ఓడ పనుల్లో తిరిగి తిరిగి బూట్ల పరిశ్రమకు పేరుపడ్డ లిన్ అనే ఊరు చేరాడు. పగలు కర్మాగారంలో పని, రాత్రి చుట్టల పెట్టెల చెక్కలతో, తీగముక్కలతో నమూనాలు. చేయి తిరిగిన పనివాడు రోజుకు 50 జతలు బిగించే చోట అంతకు ఎన్నో రెట్లు బిగించే యంత్రానికి 1883లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఆరేళ్ల తర్వాత క్షయతో చనిపోయాడు. అప్పటికి 37 కూడా నిండలేదు. నేను చేత్తో పనిచేసేవాణ్ణే, అయినా ఆయన యంత్రం మీద నాకు కోపం లేదు. చేతి కదలికను అంత శ్రద్ధగా చూసినవాడు చేతిని గౌరవించినవాడే అని నా నమ్మకం.

ఇప్పుడు బూటు పక్క అంచు చూడండి. పైతోలు అడుగును కలిసే చోట, బూటు చుట్టూ బయటికి పొడుచుకువచ్చిన సన్నని పట్టీ కనిపిస్తుందా? అదే వెల్టు. ఈ సగం మీకు పంపింది ముఖ్యంగా దానికోసమే. కోసిన చోట రెండు కుట్లు కనిపిస్తాయి. ఒకటి లోపలికి ఏటవాలుగా, మరొకటి కిందికి నిట్టనిలువుగా.

మొదటి కుట్టు ఇలా వేస్తాం. లోపలి అడుగు కింది వైపున, అంచుకు కొంచెం లోపలగా, పొలం గట్టులా ఒక సన్నని గట్టు చెక్కుతాం. వంకర ఆరెతో ఆ గట్టును పొడిచి, పైతోలు గుండా, వెల్టు గుండా బయటికి తీస్తాం. ఆరె పాదం ఆనే ముఖాన్ని చీల్చకూడదు. అక్కడ ఒక్క రంధ్రం పడినా దాని గుండా నీళ్లు ఎక్కుతాయి. అందుకే ఆరె వంకరగా ఉంటుంది. నార పోగులు కలిపి పేని, తేనెమైనం, గుగ్గిలం కలిపి కాచిన ముద్ద పట్టించిన దారం అది. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి రంధ్రంలోకీ ఒక సూది ఇటు నుంచి, మరొకటి అటు నుంచి వెళతాయి. రెండు చేతులూ చాచి బిగించాలి. మైనం ఆ బిగువుకు వేడెక్కి, కరిగి, రంధ్రంలో గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. ఒకచోట దారం తెగినా రెండో వైపు దారం పట్టుకునే ఉంటుంది. నా చూపుడువేళ్ల మీద గాట్లు ఎందుకున్నాయని మీలో చిన్నది అడిగింది. ఈ దారం చేసినవే అమ్మా అవి.

ఆ కుట్టు అయ్యాక మధ్యలో పల్లం మిగులుతుంది. అందులో నింపిన బెండు పొడి మీకు నల్లగా, చిట్లిపోయి కనిపిస్తుంది. పాదం నడుమ భాగం కుంగకుండా ఉక్కు పట్టీ ఉంది, అది కోయడానికే నాకు రెండు రంపపు బద్దలు అరిగాయి. వాటి కింద తోలు అడుగు, దాని కింద రబ్బరు అడుగు. రెండో కుట్టు ఈ అడుగులను వెల్టుకు మాత్రమే కలుపుతుంది, పైతోలును ముట్టదు. కాబట్టి రబ్బరు అరిగిపోతే రెండో కుట్టు ఒక్కటే కోసి, పాత అడుగు తీసేసి, కొత్తది కుట్టవచ్చు. మొదటి కుట్టు చెక్కుచెదరదు. ఒక కుట్టు ఎప్పటికీ విప్పకుండా ఉండడానికి, మరొకటి విప్పడానికే. నాలుగుసార్లు నేను విప్పింది ఆ రెండోదాన్నే. మీరు బడికి వేసుకునే బూట్లలో అడుగును జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు వదిలాక తిరిగి కుట్టడానికి అక్కడ పట్టీ ఉండదు. అందుకే వాటిని పారేయవలసి వస్తోంది, అది మీ తప్పు కాదు.

సియాటిల్‌లో ఉన్న మా పెద్దవాడికి ఒక మాట. నీకు వీలైనప్పుడు మీ వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు వైపున ఉన్న స్పొకేన్‌కు వెళ్లు. చెట్లు నరికే కూలీల కోసం, అడవి మంటలు ఆర్పే సిబ్బంది కోసం చేత్తో బూట్లు చేసేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. మంటలు ఆర్పేవాళ్లకు కనీసం 8 అంగుళాల ఎత్తున్న, లేసులతో బిగించే తోలు బూట్లు ఉండాలనీ, అడుగు వేడికి కరగకూడదనీ మీ దేశంలో నియమం. నిప్పుల మీద నడిచేవాడు జిగురును నమ్ముకోలేడు కదా. వాళ్ల పద్ధతి మా పద్ధతికి కొంచెం వేరు. పైతోలు అంచును లోపలికి మడవకుండా బయటికి మడిచి, నేరుగా అడుగుకు కుడతారు. నీళ్లు లోపలికి దిగకుండా జారిపోతాయి. అది నాకు చాలా నచ్చిన పద్ధతి. ఫోటోల్లో చూశాను తప్ప ముట్టుకోలేదు. నువ్వు వెళితే ఆ అంచును వేలితో తడిమి ఎలా ఉందో రాయి.

మీలో ఎవరైనా ఎప్పుడైనా మంచి తోలు బూట్లు కొనుక్కుంటే, తడిసినప్పుడు ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టవద్దు. పాత కాగితాలు కూరి నీడన ఆరబెట్టండి. తోలు పొడిబారినట్టు అనిపిస్తే గుడ్డతో పలుచగా నూనె పట్టించండి, ఎక్కువైతే తోలు మెత్తబడి ఆకారం పోతుంది.

పార్సిలులో చిన్న డబ్బా కూడా ఉంది. అందులో ఒక ఆరె, రెండు సూదులు, రెండు బారల మైనపు దారం, రెండు తోలు ముక్కలు ఉన్నాయి. ఆరె మా తాతది, పిడి మాత్రం నేను మార్చాను. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే పట్టుకోండి. తోలు ముక్కల మీద పెన్సిలుతో చుక్కలు పెట్టాను. రెండు సూదుల కుట్టు వేసి నాకు పంపండి. వంకర పోయినా ఫరవాలేదు, విప్పకుండా అలాగే పంపండి.

ఒక్క సంగతి మిగిలింది. లోపలి అడుగు మీద వేలు పెట్టి చూడండి. తంగేడు తోలు తొడిగినవాడి పాదం అచ్చును తనలో ఉంచుకుంటుంది. మీ సగంలో చిన్నతాతయ్య బొటనవేలి గుంట ఉంది. మిగతా నాలుగు వేళ్ల గుంటలూ, మడమ బయటి వైపు లోతైన పల్లమూ నా దగ్గర ఉన్న సగంలో ఉన్నాయి. చిన్నప్పుడు జామచెట్టు మీద నుంచి పడ్డప్పటి నుంచి వాడు ఎడమ మడమ బయటి అంచు మీద బరువు వేసి నడిచేవాడు. దసరాకు వచ్చేటప్పుడు మీ సగం తీసుకురండి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య