అరబీ అచ్చులు, పక్క హల్లులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: అరబీలో అచ్చులు మూడే కనుక వాటిని గుర్తుపట్టడం తేలిక.

వాస్తవం: ప్రామాణిక అరబీలో అ, ఇ, ఉ, వాటి దీర్ఘాలు మాత్రమే ఉన్నమాట నిజమే కానీ, అది అర్థభేదం చూపే అచ్చుల లెక్కే తప్ప చెవిన పడే ధ్వనుల లెక్క కాదు. సాద్, దాద్, బరువైన తా, బరువైన జా అనే నాలుగు 'బరువైన' హల్లులను పలికేటప్పుడు నాలుక కొన పళ్ల దగ్గర తన పని చేస్తుండగానే నాలుక మొదలు గొంతు వెనుక గోడవైపు జరుగుతుంది. అందువల్ల వాటి పక్కనున్న 'ఆ' కొంచెం 'ఓ' వైపు మొగ్గినట్టు వినిపిస్తుంది. నాలుక మొదలు ఇలా వెనక్కి జరగని 'తేలిక' హల్లుల పక్కన అదే 'ఆ' చాలా మాండలికాల్లో మన 'బ్యాంకు'లోని అచ్చుకు దగ్గరవుతుంది.

అపోహ: తేలిక, బరువు అనే తేడా హల్లులోనే ఉంటుంది, అచ్చు దానికి తోకలాంటిది.

వాస్తవం: విద్యార్థులకు నేను ముందుగా వినిపించే జంట 'తీన్'. తేలిక తాతో అది అత్తిపండు, బరువైన తాతో బంకమట్టి. ధ్వనిని బొమ్మగా చూపే తెరమీద చూస్తే మొదటిదానిలో 'ఈ'కారపు రెండో ఫార్మెంట్ (నోటి ఆకారాన్ని బట్టి బలపడే పౌనఃపున్యాల్లో కిందనుంచి రెండోది) మొదటినుంచే పైన ఉంటుంది. రెండోదానిలో అది కిందనుంచి బయలుదేరి పైకి ఎక్కుతుంది. అరబీ మాతృభాషగా గలవారు హల్లును పోల్చుకోవడానికి ఈ ఎక్కుడును కూడా ఆధారం చేసుకుంటారు కనుక, అచ్చును వదిలేసి హల్లును మాత్రమే సాధన చేయడం నా దృష్టిలో వృథా శ్రమ.

అపోహ: ఈ ప్రభావం పక్కనున్న అచ్చుతో ఆగిపోతుంది.

వాస్తవం: అది మాండలికాన్ని బట్టి ఉంటుంది. కైరో అరబీలో బరువు తరచు మాటంతా పాకుతుంది. పాలస్తీనా మాండలికాలు కొన్నింటిలో ముందుకు సాగే ప్రభావాన్ని ఇకారం, యకారం, శకారం వంటివి అడ్డుకుంటాయి. ఇది ఆధునిక యంత్రాలు కనిపెట్టిన సంగతేమీ కాదు. 8వ శతాబ్దపు వ్యాకర్త సీబవైహి, 'ఆ'కారం 'ఈ'కారం వైపు ఒరగకుండా ఆపే హల్లులు ఏడని చెబుతూ, ఈ నాలుగింటితోపాటు ఖా, గైన్, ఖాఫ్‌లను కూడా చేర్చాడు.

అపోహ: మనకు 'ట' ఉంది కనుక బరువైన తా తెలుగువారికి సులువు.

వాస్తవం: నాలుకను మడిచి పలికే 'ట' ప్రధానంగా మూడో ఫార్మెంట్‌ను దించుతుంది, బరువైన తా రెండోదాన్ని దించుతుంది. హైదరాబాదులో ఉర్దూ లిపి చదవగలిగినవారికి సీన్, సాద్ అక్షరాలు పరిచయమే అయినా, ఉర్దూలో రెండింటి పలుకూ ఒకటే కావడంతో ఆ పరిచయం చెవికి అక్కరకు రాదు. కాబట్టి నాలుక కొనను మన 'త' చోటనే ఉంచి, తరువాతి 'ఆ'ను గొంతు లోపలినుంచి పలకమంటాను.