అద్దం అవతల నగరం

ఎత్తైన అబ్జర్వేషన్ డెక్ మీద నిలబడితే నగరమంతా కళ్లముందు పరుచుకుని ఎంత బాగుంటుందో, కిందికి దిగాక ఫోన్ తీసి చూసుకుంటే అంత నిరాశగా ఉంటుంది: పాలు పోసినట్టు తెల్లటి మసక, మధ్యలో మన చొక్కా నీడ. చాలామంది కెమెరా మంచిది కాదనుకుంటారు. కెమెరా తప్పు చాలా తక్కువ. లెన్స్‌కీ ఆ భవనాలకీ మధ్య ఒక అద్దం ఉంది, దాని అవతల కిలోమీటర్ల కొద్దీ గాలి ఉంది. ఆ రెండింటి గురించి తెలిస్తే ఫొటో సగం బాగుపడినట్టే.

మామూలు గాజు, తన మీద నేరుగా పడిన కాంతిలో ఒక్కో వైపు నుంచి దాదాపు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది, రెండు వైపులా కలిపితే సుమారు 8 శాతం. పగలు బయటి వెలుతురు ముందు అది కనపడదు. చీకటి పడేకొద్దీ బయట వెలుగు తగ్గుతుంది కానీ లోపలి దీపాలు అలాగే ఉంటాయి కదా, అప్పుడు ఆ 8 శాతమే నగరం మీద పొరలా కప్పేస్తుంది. అందుకే లెన్స్‌ని అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డో రబ్బరు హుడ్డో పెట్టాలి. అంత దగ్గరైతే అద్దం మీది వేలిముద్రలు కూడా ఫోకస్‌కి అందక మాయమవుతాయి, అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/16 లాంటి చిన్న సైజు దాకా మూస్తే మాత్రం మచ్చలుగా మళ్లీ తేలతాయి. ఒకే దిశలో కంపించే కాంతిని పోనిచ్చే పోలరైజర్ ఫిల్టర్ మీద ఆశ పెట్టుకోకండి. అది ఏటవాలు ప్రతిబింబాలనే, ముఖ్యంగా అద్దానికి నిట్టనిలువు గీత నుంచి 56 డిగ్రీల దగ్గర పడేవాటినే బాగా తీసేస్తుంది, ఎదురుగా ఉన్నవాటి మీద పనిచేయదు. పైగా టెంపర్డ్ గ్లాస్‌లో, అంటే వేడిచేసి గట్టిపరచిన అద్దంలో, తయారీ నాటి నుంచి ఒత్తిడి దాగి ఉంటుంది, ఫిల్టర్ తగిలిస్తే అదంతా ఇంద్రధనుస్సు రంగుల మరకలై బయటపడుతుంది.

టైమ్ అంటారా, సూర్యుడు దిగంతానికి 4 నుంచి 6 డిగ్రీల కిందికి జారినప్పుడు. ఆకాశం వెలుగూ కిటికీల వెలుగూ దాదాపు సమానమయ్యేది అప్పుడే. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మొత్తం 8 నిమిషాలే దొరుకుతాయి, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ సమయంలో నడినెత్తిన కనిపించే గాఢమైన నీలం ఎక్కువగా ఓజోన్ వల్ల వచ్చిందని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో చూపించాడు. సాయంకాలపు కాంతి ఓజోన్ పొరలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణిస్తుంది, ఆ దారిలో నారింజ, ఎరుపు రంగులు ఇంకిపోతాయి.

ఇక గాలి. ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. బుర్జ్ ఖలీఫాలో 555 మీటర్ల ఎత్తున్న డెక్ నుంచి అది 84 కిలోమీటర్లు. అంత దూరం నిజంగా కనిపించడం అరుదు, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, రెట్లలో పడిపోతుంది: 10 కిలోమీటర్లకు సగమైతే 20కి నాలుగో వంతే. గాలి అణువులు ఎరుపు కంటే నీలాన్ని నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి, దూరపు భవనాలు నీలంగా కనిపించేది అందుకే. దుమ్ము, తేమ కణాలైతే అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొట్టి తెల్లగా చేస్తాయి, అదీ ఎక్కువగా కాంతి వెళ్తున్న దిక్కుకే, కాబట్టి ఎండకు ఎదురుగా తీస్తే మసక రెట్టింపైనట్టు ఉంటుంది. సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకోండి. వాన దుమ్ముని కడిగేస్తుంది, వెలిసిన వెంటనే పైకి వెళ్లగలిగితే అంతకంటే మంచి సమయం లేదు. మధ్యాహ్నం జూమ్ చేయడం దండగ, వేడిగాలి కదలికకు గీతలన్నీ వణుకుతాయి.

అలాగని ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్‌ని చివరిదాకా లాగొద్దు. 5 కిలోమీటర్ల దూరంలోని భవనం కంటే 15 కిలోమీటర్లలోనిది వెనక ఉందని కంటికి చెప్పేది చాలావరకు ఆ మసకే, అది పూర్తిగా పోతే రెండూ ఒకే గోడకు అంటించినట్టుంటాయి. నేనైతే సగానికి ముందే ఆపేస్తాను.