నచ్చడం వేరు, హవా వేరు

అమెరికాలో పదకొండో తరగతి చదివే అబ్బాయి ఒకడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద ఒక చాట్ రూమ్. తనతో పాటు తన స్కూలు పిల్లలే ఇంకో ముగ్గురు అందులో ఉన్నారని అతనికి చెప్పారు. పేర్లు లేవు గానీ, కనిపించే వివరాలను బట్టి వాళ్లు ఎలాంటి వాళ్లో ఊహించుకోవచ్చు. ఫలానా పరిస్థితిలో నువ్వైతే ఏం చేస్తావు అని ప్రశ్నలు వస్తుంటాయి. అన్నీ దుడుకుతనం, చెడు అలవాట్ల చుట్టూ తిరిగేవే. ముందు ఆ ముగ్గురూ జవాబిస్తారు, మన అబ్బాయి వంతు చివర. ముగ్గురూ తెగించినట్టే మాట్లాడతారు.

అసలు ఆ ముగ్గురూ లేనే లేరు. జవాబులన్నీ ముందే రాసిపెట్టుకున్నవి. ప్రయోగంలో పాల్గొన్న 43 మందిలో కొందరికి, అవతలివాళ్లు స్కూల్లో మంచి హవా ఉన్న కుర్రాళ్లు అనిపించేలా చేశారు. మిగిలినవాళ్లకు, అవతల ఉన్నది ఎవరూ లెక్కచేయని పిల్లలు అనిపించేలా చేశారు. మాటలు మాత్రం రెండు చోట్లా అవే.

2006లో వెలువడిన ఈ ప్రయోగాన్ని నడిపింది జెఫ్రీ కోహెన్, మిచ్ ప్రిన్‌స్టీన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు. హవా ఉన్నవాళ్ల మాట అనుకున్నప్పుడు అబ్బాయిలు వాళ్ల దారిలోకే వెళ్లారు. అదే మాట హోదా లేనివాళ్ల నోట వినిపిస్తే, దానికి ఎదురుతిరిగి దూరం జరిగారు. ఇంతవరకు మనం ఊహించగలిగేదే. ఆ తర్వాత ఆ ముగ్గురికీ కనిపించకుండా విడిగా అడిగినప్పుడు కూడా, హవా ఉన్నవాళ్ల అభిప్రాయమే ఈ అబ్బాయిల సొంత అభిప్రాయంగా బయటికొచ్చింది. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. మెప్పు కోసం పైకి అన్న మాట కాసేపట్లో లోపల కూడా నాటుకుపోయింది. ఇంకో సంగతి: నలుగురిలో ఎప్పుడూ బెరుగ్గా, టెన్షన్‌గా ఉండే అబ్బాయిలకు అవతలివాళ్ల హోదాతో పని లేకపోయింది. ఎవరు చెప్పినా తలూపారు.

స్నేహితుల్లో ఎవరి స్థానం ఏమిటి, దాని వల్ల ఏమవుతుంది అన్న ప్రశ్న చుట్టూనే ప్రిన్‌స్టీన్ వృత్తి జీవితమంతా నడిచింది. మయామీ విశ్వవిద్యాలయంలో అన్నెట్ లా గ్రెకా దగ్గర ఆయన పరిశోధక విద్యార్థి. 1992 ఆగస్టులో దక్షిణ ఫ్లోరిడాను ఆండ్రూ తుపాను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత మూడు, ఏడు, పది నెలలకు బడిపిల్లల మనసులో ఎంత భయం మిగిలిందో ఆ బృందం కొలిచింది. 1996లో అచ్చయిన ఆ పత్రంలో ప్రిన్‌స్టీన్ పేరు కూడా ఉంది. పిల్లలు కోలుకోవడానికి చుట్టూ ఉన్నవాళ్ల ఆసరా ఎంత అవసరమో ఆ అధ్యయనం చూసింది. తర్వాత ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. పాపులారిటీ మీద ఒక కోర్సు పెడితే వందల మంది విద్యార్థులు ఎగబడ్డారు. స్కూలు దాటినా ఆ లెక్కలు వాళ్లను వదల్లేదన్నమాట. అక్కడి నుంచి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి మారి, చాపెల్ హిల్‌లో స్థిరపడ్డారు.

ఇలాంటి విషయాన్ని కొలవడమెలా? పద్ధతి చాలా తేలిక. 1930లలో జేకబ్ మొరీనో అనే మనోవైద్యుడు న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్‌లో ఆడపిల్లల వసతి పాఠశాల ఒకదానికి వెళ్లి, ఎవరు ఎవరితో కలిసి ఉండాలనుకుంటున్నారో అడిగి గీతలతో పటాలు గీశాడు. అదే దారిలో ఇప్పటి పరిశోధకులు క్లాసులో ప్రతి పిల్లకూ మొత్తం పేర్ల జాబితా ఇస్తారు. నీకు ఎవరంటే బాగా ఇష్టం, ఎవరంటే అసలు ఇష్టం లేదు అని అడుగుతారు. 1982లో జాన్ కోయీ, కెనెత్ డాడ్జ్, హైడీ కొప్పొటెల్లి ఈ రెండు జవాబులనూ కలిపి పిల్లలను ఐదు రకాలుగా విడదీశారు: ఎక్కువమందికి నచ్చేవాళ్లు, ఎక్కువమంది వద్దనుకునేవాళ్లు, ఎవరి జాబితాలోనూ పెద్దగా కనిపించనివాళ్లు, కొందరికి ప్రాణమై మరికొందరికి కంటగింపైనవాళ్లు, మధ్యరకంవాళ్లు. ఎవరూ పేరెత్తని పిల్లలకూ, అందరూ వద్దనే పిల్లలకూ చాలా తేడా ఉంది. తల్లిదండ్రులు మౌనంగా ఉండే పిల్లల గురించి బెంగపడతారు గానీ, మున్ముందు చిక్కులు ఎక్కువగా వచ్చేది రెండో రకంవాళ్లకే.

ఈ స్థానాలు ఎంత గట్టివో చూపే ప్రయోగం ఒకటుంది. 1983లో కోయీ, జానిస్ కుపర్స్‌మిడ్ట్ నాలుగో తరగతి అబ్బాయిలను నలుగురేసి జట్లుగా చేసి వారానికోసారి ఆడించారు. కొన్ని జట్లలో అందరూ ఒకరికొకరు కొత్త. అయినా మూడో వారం వచ్చేసరికి, స్కూల్లో ఎవరికి ఏ స్థానముందో ఇక్కడా అదే వచ్చేసింది. స్కూలు మారిస్తే అంతా సర్దుకుంటుందని అనుకునేవాళ్లు కాస్త ఆలోచించాల్సిన సంగతి ఇది. పిల్లవాడు తన ప్రవర్తనను కూడా వెంట తీసుకెళ్తాడు కదా. ఎవరైనా పొరపాటున తగిలినా కావాలనే కొట్టాడని అనుకునే అలవాటు, వద్దనిపించుకున్న దూకుడు పిల్లల్లో ఎక్కువని డాడ్జ్ చూపించాడు. అలా అనుకున్నవాడు తిరిగి కొడతాడు, అవతలివాళ్లు ఇంకాస్త దూరం జరుగుతారు.

ఇష్టం గురించి అడగడం మాని, "మీ క్లాసులో అందరికంటే పాపులర్ ఎవరు?" అని అడిగితే వేరే పేర్లు వస్తాయి. 1998లో జెన్నిఫర్ పార్క్‌హర్స్ట్, ఆండ్రియా హాప్‌మేయర్ ఈ రెండూ ఒకటి కాదని గట్టిగా చూపించారు. క్లాసులో హవా నడిపే పిల్లల్లో చాలామంది నిజానికి మిగతావాళ్లకు అంతగా నచ్చరు. వాళ్లను చూసి భయపడతారు, అనుకరిస్తారు, వాళ్ల పక్కన కూర్చోవాలని తహతహలాడతారు, అంతే. చిన్న పిల్లల్లో ఈ రెండూ ఇంచుమించు కలిసే ఉంటాయి. పదేళ్లు దాటాక విడిపోతాయి. ఆ వయసులో మెదడులో ప్రతిఫలానికి స్పందించే భాగాలు తోటివాళ్ల చూపుకీ మెప్పుకీ విపరీతంగా స్పందించడం మొదలుపెడతాయి. ఆగు, ఆలోచించు అని చెప్పే నుదుటి వెనక భాగం మాత్రం పాతికేళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుంది.

హవా ఉన్నవాళ్లు పెద్దయ్యాక ఏమవుతారు? వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ ఆలెన్ బృందం 184 మందిని 13వ ఏట నుంచి 23వ ఏట వరకు గమనించి, 2014లో ఫలితాలు ప్రకటించింది. చిన్న వయసులోనే పెద్దవాళ్ల చేష్టలు చేస్తూ, అందమైనవాళ్లతోనే తిరుగుతూ గొప్ప అనిపించుకున్న పిల్లల వెలుగు కొన్నేళ్లకే తగ్గిపోయింది. పదమూడేళ్లప్పుడు వాళ్లకు పాపులారిటీ ఉంది. ఇరవై దాటాక మద్యం, మత్తు సమస్యలూ, దగ్గరి బంధాలు నిలుపుకోవడంలో ఇబ్బందులూ వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. స్కూలు రోజుల్లో వాళ్లను చూసి కుళ్లుకున్నవాళ్లకు ఇది కాస్త ఊరటే.

అయితే ఏ గుణం నచ్చుతుందన్నది అన్ని చోట్లా ఒకటి కాదు. సిన్‌యిన్ చెన్ బృందం షాంఘై బడుల్లో చేసిన పనిని ఇక్కడ మర్చిపోకూడదు. 1990లో అక్కడ సిగ్గరి పిల్లలు తోటివాళ్లకు బాగా నచ్చేవాళ్లు. అదే కాలంలో కెనడాలో సిగ్గరి పిల్లలకు ఆదరణ తక్కువ. మార్కెట్ సంస్కరణలు ఊపందుకుని పోటీ పెరిగాక, 2002 నాటికి షాంఘైలోనూ సిగ్గరి పిల్లలను పక్కన పెట్టడం మొదలైంది. పిల్లల గుణం మారలేదు, ఊరి లెక్క మారింది. ఈ రంగంలో ఎక్కువ పరిశోధనలు అమెరికా బడుల్లోనే జరిగాయి కాబట్టి, వాటిని తెచ్చి మన పిల్లలకు ఉన్నదున్నట్టు అతికించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రిన్‌స్టీన్ పని మధ్యలో ఉండగానే స్మార్ట్‌ఫోన్ వచ్చింది. అంతకుముందు పరిశోధకులు జాబితాలు పంచి లెక్కకట్టిన స్థానాన్ని ఇప్పుడు ప్రతి ఫొటో కిందా అంకె వేసి చూపిస్తున్నారు. జాక్వెలిన్ నెసీతో కలిసి ఆయన 2015లో ప్రచురించిన అధ్యయనంలో 619 మంది టీనేజీ పిల్లలున్నారు. ఫోన్లలో, సోషల్ మీడియాలో ఇతరులతో పోల్చుకుంటూ, ఎవరేమన్నారో అని వెతుక్కునే పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు ఎక్కువ. అమ్మాయిల్లో, తోటివాళ్లలో హోదా తక్కువున్న పిల్లల్లో ఆ సంబంధం ఇంకా బలంగా ఉంది. 2023 జనవరిలో ఈవా టెల్జర్ బృందంతో కలిసి చేసిన మరో అధ్యయనం వచ్చింది. ఆరు, ఏడు తరగతుల పిల్లలు 169 మందిని మూడేళ్లపాటు మెదడు స్కాన్లతో గమనించారు. రోజుకు పదిహేనుసార్లకు పైగా సోషల్ మీడియా తెరిచి చూసుకునే పిల్లల్లో, తోటివాళ్ల మెప్పు కోసం ఎదురుచూసే మెదడు స్పందన ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఫోనే దానికి కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. మెప్పు కోసం తపించే పిల్లలే ఎక్కువసార్లు ఫోను చూస్తుండవచ్చు.

2021లో ప్రిన్‌స్టీన్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ముఖ్య శాస్త్రాధికారి అయ్యారు. 2023 ఫిబ్రవరి 14న అమెరికా సెనేట్ న్యాయ కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. ఆ మే నెలలో ఆ సంఘం టీనేజర్ల సోషల్ మీడియా వాడకంపై సలహాపత్రం విడుదల చేసింది. సోషల్ మీడియా దానంతటదే మంచిదో చెడ్డదో కాదనీ, పిల్లవాడి పరిస్థితి, చూసేదేమిటి, ఎలా తయారైన యాప్ అన్నవాటిని బట్టి ఉంటుందనీ అందులో రాశారు. చప్పట్లు కొట్టించుకోవడానికి పనికిరాని మాట ఇది. ఫోన్లు విసిరేయండి అంటే హెడ్‌లైన్ అయ్యేది. తెర ముందు గడిపే సమయానికీ పిల్లల మానసిక స్థితికీ ఉన్న సంబంధం చాలా చిన్నదని అమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2019లో పెద్ద సర్వేల ఆధారంగా వాదించారు. అందుకే ఎన్ని గంటలు అని కాక, ఆ గంటల్లో ఏం జరిగింది అని అడగడమే నాకు సబబనిపిస్తుంది. స్నేహితుడితో మాట్లాడటానికి గడిపిన గంట, లైకులు లెక్కపెట్టుకుంటూ గడిపిన గంట ఒక్క ఖాతాలో పడవు.

హవా తెచ్చుకోమని ఎవరికీ నేర్పక్కర్లేదు, నేర్పినా దాని వల్ల మేలు తక్కువ. నచ్చేలా మెలగడం మాత్రం నేర్పవచ్చని పాత ప్రయోగమొకటి చూపించింది. 1977లో షెర్రీ ఓడెన్, స్టీవెన్ ఆషర్ మూడు, నాలుగు తరగతుల్లో ఎవరూ ఆటకు పిలవని పిల్లలను ఎంచుకున్నారు. ఆటలో ఎలా చేరాలి, వంతు ఎలా పంచుకోవాలి, ఎలా మాట్లాడాలి, వినాలి, ఎదుటివాళ్లను ఎలా మెచ్చుకోవాలి, సాయపడాలి అన్నవి కొద్ది వారాలు నేర్పారు. నేర్పాక వెంటనే ఒక తోటి పిల్లతో ఆడించి, ఎలా జరిగిందో మాట్లాడారు. ఈ పిల్లలతో ఆడటం తోటివాళ్లకు ఎంత ఇష్టమో ముందూ తర్వాతా కొలిస్తే, ఆ ఇష్టం పెరిగింది. ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే, ఇంకాస్త పెరిగింది.