పన్ను పోయిన చోట గండి

మా వీధి చివర ఇస్త్రీ బండి నడిపే అతను పోయిన వారం చెంప పట్టుకుని వచ్చాడు. కింది దవడ పన్ను తీయించుకున్నాడట. "సారూ, పన్ను తీసినంక ఉమ్మొద్దన్నరు. నోట్లె నెత్తురు ఊరుతాంటే ఉమ్మక ఏం జెయ్యాలె, మింగాల్నా?" అన్నాడు. అడగడం అడిగాడు గానీ, అప్పటికే రెండు గంటలుగా మోరీ పక్కన కూర్చుని ఉమ్ముతూనే ఉన్నాడు. "చెడ్డ నెత్తురు పోనియ్యి బిడ్డా" అని ఇంట్లో ముసలమ్మ చెప్పిందట.

మింగమనే చెప్పాను. చెడ్డ నెత్తురు, మంచి నెత్తురు అని ఒంట్లో రెండు రకాలు ఉండవు. పైగా ఉమ్మిలో నాలుగు చుక్కల రక్తం కలిసినా నోరంతా ఎర్రగా కనిపించి టెన్షన్ పెడుతుంది. అందులో ఎక్కువ భాగం లాలాజలమే. కానీ అతని ప్రశ్న నాకు బాగా నచ్చింది. మత్తు సూది గురించి, పట్టకార్ల గురించి అందరూ చెబుతారు. పన్ను బయటికి వచ్చాక ఆ గుంతలో జరిగే పని గురించి ఎవరూ చెప్పరు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందు నిండా ఉన్న సన్నని నార పోగులే పన్నును పట్టి ఉంచుతాయి. డాక్టరు చేసేది పీకడం కన్నా అటూ ఇటూ కదిపి గుంతను వెడల్పు చేయడం, ఆ పోగులను తెంచడం. పోగులతో పాటు సన్నని రక్తనాళాలూ తెగుతాయి. చర్మం తెగితే రెండు అంచులూ దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి. ఈ గుంత గోడలు ఎముకవి, దగ్గరికి రావు. కాబట్టి గుంత నిండాల్సిందే.

2023 జూలై వానలకు మన వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది గుర్తుందా? నీళ్లు దూకే చోట వట్టి మట్టి ఎంత పోసినా నిలవదు, ముందు ఇసుక బస్తాలు పడాలి. రక్తంలో ఆ బస్తాలు ప్లేట్‌లెట్లు. డెంగీ సీజన్‌లో తప్ప వాటి పేరు మనం ఎత్తం గానీ, ఒక్క మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. తెగిన నాళం గోడలోని కొల్లాజెన్ అనే నార ప్రోటీన్ బయటపడగానే వచ్చి అంటుకుంటాయి. మామూలుగా నున్నటి బిళ్లల్లా ఉండేవి అప్పుడు ముళ్లు పొడుచుకొచ్చినట్టు మారి, మరికొన్ని ప్లేట్‌లెట్లను పిలుస్తాయి.

బస్తాల మధ్య సందులు మిగులుతాయి కదా. ఊళ్లో అయితే కంప కొట్టుకొచ్చి అడ్డం వేస్తారు. ఇక్కడ కంప ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులు. పదో తరగతి పిల్లలు "థ్రాంబోకైనేజ్, ప్రోథ్రాంబిన్, థ్రాంబిన్" అని మంత్రంలా అప్పజెప్పేది దీని గురించే. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఏం జరిగిందని అడిగితే నోరు విప్పరు. జరిగేది చిత్రమైనది. కాలేయం తయారు చేసిన ఫైబ్రినోజన్ రక్తంలో కరిగి, లీటరుకు రెండు నుంచి నాలుగు గ్రాముల దాకా, ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. థ్రాంబిన్ అనే ఎంజైమ్ దాని కొసల్లో చిన్న ముక్కలను కత్తిరిస్తుంది. మూత తీసినట్టు అతుక్కునే చోట్లు బయటపడతాయి, అణువులు ఒకదానికొకటి కలిసి ఫైబ్రిన్ పోగులవుతాయి. రక్తం గడ్డకట్టించే కారకాల్లో పదమూడోది వచ్చి ఆ పోగులకు అడ్డ ముడులు వేస్తుంది. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు పోగులను పట్టుకుని లోపలికి లాగి గడ్డను బిగిస్తాయి. ఇసుక బస్తాలు లేచి తాడు లాగడం నేనెక్కడా చూడలేదు. నా పోలిక ఇక్కడ ఓడిపోయింది.

ఇంకో చోట కూడా ఓడిపోతుంది. చెరువు గండి పూడితే పని అయిపోయినట్టే. రక్తపు గడ్డ మాత్రం నారుమడి కూడా. వారం రోజుల్లో దానిలోకి కొత్త కణాలు, సన్నని నాళాలు పాకుతాయి. కొన్ని వారాల్లో పైన పంటి చిగురు కప్పుకుంటుంది. కింద ఎముక నిండడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. గడ్డ ముందే లేచిపోతే నారు పోసేందుకు మడే లేదు. ఎముక బయటపడుతుంది. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య, తగ్గిందనుకున్న నొప్పి తిరిగి లేచి చెవి దాకా లాగుతుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. కింది దవడ పళ్లకు, ముఖ్యంగా జ్ఞానదంతాలకు ఎక్కువ. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మింగితే తగ్గదు. డాక్టరు దగ్గరికి వెళ్తే గుంత కడిగి మందు పెడతారు. లవంగ నూనె వాసన వచ్చే మందే చాలాసార్లు. అలాగని ఇంట్లో నూనె దూది కుక్కితే చిగురు కాలుతుంది.

గడ్డను కరిగించే ప్లాస్మిన్ కూడా మన రక్తంలోనే తయారవుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు పన్ను తీశాక ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందును నోట్లో పోసుకుని మెల్లగా తిప్పమనడం అందుకే. ప్లాస్మిన్ ఫైబ్రిన్‌ను పట్టుకునే చోట ఇది ముందే కూర్చుంటుంది. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త 1962లో దీన్ని ప్రకటించారు.

ఇక ఉమ్మడం. ఉమ్మే ముందు బుగ్గలు, నాలుక బిగించి లోపలికి లాగుతాం చూడండి, కొత్త గడ్డ మీద పడే గుంజుడు అదే. స్ట్రాతో తాగినా అంతే. 15 సెంటీమీటర్ల స్ట్రాలో కొబ్బరి నీళ్లు పైకి రావాలంటే నోట్లో ఒత్తిడి సుమారు 11 మిల్లీమీటర్ల పాదరసం అంత తగ్గాలి. కేశనాళికల్లో రక్తం ఒత్తిడి 15 నుంచి 35 మిల్లీమీటర్లే. అంటే ఈ గుంజుడు చిన్నదేం కాదు. నిజం చెప్పాలంటే స్ట్రా మీద రుజువులు బలంగా లేవు, పొగ మీద ఉన్నాయి. అందులోనూ బీడీ. మన ములుగు, భూపాలపల్లి అడవుల తునికాకుతో చుట్టిన బీడీ సిగరెట్‌లా ఊరికే కాలదు, మాటిమాటికీ గుంజకపోతే ఆరిపోతుంది. గుంజుడుకు తోడు నికోటిన్ నాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

కాబట్టి గాజుగుడ్డ అరగంట, ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టాలి, మధ్యలో తీసి చూడకూడదు. ఉప్పునీళ్లు మర్నాటి నుంచే, అదీ పుక్కిలించకుండా నోట్లో మెల్లగా తిప్పి వదిలేయాలి. మళ్లీ అరగంట కొరికి పట్టినా రక్తం ఆగకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి. గుండె కోసం రక్తం పలచబడే మందులు, ఎముకలు గుల్లబారకుండా ఇంజెక్షన్లు, షుగర్, కాలేయ జబ్బు, ఈమధ్య వచ్చిన డెంగీ, వీటిలో ఏది ఉన్నా పన్ను తీయకముందే చెప్పాలి. మందులు సొంతంగా ఆపొద్దు.

ఇదంతా విని అతను మెల్లగా అసలు భయం బయటపెట్టాడు. "పై పన్ను గూడ ఒకటి కదులుతాంది సారూ. అది తీస్తే సూపు పోతదంటరు." పోదు. మెదడుకు చేరే కపాల నరాల్లో చూపు తీసుకెళ్లేది రెండోది, పళ్లది ఐదోది. పై పళ్ల నరం కంటి గూడు అడుగు నుంచే వెళ్తుంది కాబట్టి నొప్పి కంటి కింద తెలుస్తుంది, అంతే. పళ్లు ఊడే వయసులోనే శుక్లాలూ వస్తాయి, నింద పన్ను మీద పడుతుంది. అతనికి యాభై ఎనిమిదేళ్లు. కళ్లు ఎప్పుడైనా చూపించుకున్నావా అంటే, ఇప్పటిదాకా లేదన్నాడు.